రస్సీ వదిలేస్తే ఇల్లు చేర్చే గాడిద

“అబ్బా, గధేకు క్యా కామ్ దేనా?”

ఇషా నమాజ్ చదువుకొని ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే మా చిన్నోడు వేసిన సవాల్ ఇది. గాడిదకు ఏం పని ఇవ్వాలి? ఆ రోజు నాకు వీక్లీ ఆఫ్. నల్లగొండ ఎండాకాలం రాత్రి, పోయిన కరెంటు అప్పుడే వచ్చింది. “గాడిదకు పని నువ్విచ్చుడేంది బేటా, ఇరవై ఏండ్ల సంది పేపరోళ్లు ఇస్తనే ఉన్నరు గదా” అన్నాను. వంటింట్లోంచి మా బేగమ్ నవ్వింది. వాడు నవ్వలేదు. మజాక్ వద్దన్నట్టు ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టాడు.

ఫోన్లో అంతా గళ్లు గళ్లుగా ఉన్న పచ్చిక. చెట్లు గళ్లే, మబ్బులు గళ్లే. మధ్యలో గళ్లతోనే చేసిన ఒక గాడిద, పొడుగు చెవులేసుకొని ఏ పనీ లేనట్టు నిలబడి ఉంది.

ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. ఇంట్లో పిల్లలుంటే మీరూ ఆ పేరు వినే ఉంటారు. స్వీడన్‌లో పుట్టి, 2011లో పూర్తి రూపంలో బయటికొచ్చిన ఆట. 2023 నాటికే 30 కోట్ల కాపీలు అమ్ముడుపోయింది. అందులో సర్వైవల్ అని ఒక పద్ధతి ఉంది. ఏమీ లేకుండా ఒక అడవిలోనో ఎడారిలోనో కళ్లు తెరుస్తావు. చెట్టు కొట్టుకోవాలి, రాయి తవ్వుకోవాలి, ఇల్లు కట్టుకోవాలి, తిండి సంపాదించుకోవాలి. పొద్దు గూకితే జాంబీలొస్తాయి. చచ్చిపోతే నీ మీదున్న సామానంతా అక్కడే రాలిపోతుంది. వెనక్కెళ్లి ఐదు నిమిషాల్లో ఏరుకోకపోతే అంతా మాయం. ఒక రకంగా మన పెద్దోళ్ల జిందగీయే. వాళ్లకు రెండోసారి కళ్లు తెరిచే సౌకర్యం లేదు, అంతే ఫరక్.

ఈ ఆటలోకి 2013లో గుర్రం, గాడిద, కంచరగాడిద కలిసే వచ్చాయి. గుర్రం మీద పెట్టె కట్టలేం. గాడిద మీద కట్టొచ్చు. ఆ పెట్టెలో 15 అరలు. ఎక్కి, పడి, మళ్లీ ఎక్కి, అది మచ్చికయ్యేదాకా ఓపిక పట్టాలి. జీను వేస్తే మనం చెప్పిన దిక్కు పోతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మంచి గుర్రం దొరికితే గాడిదకు దాదాపు రెట్టింపు వేగం పోతుంది. గుర్రానికి కవచం తొడగొచ్చు, గాడిదకు తొడగలేం. సామాను మోయడానికన్నా ఉంచుకుందామంటే, 2016లో షల్కర్ బాక్స్ అని ఒక డబ్బా వచ్చింది. అందులో 27 అరలు. సామాను నింపి, డబ్బాతో సహా ఎత్తి జేబులో వేసుకోవచ్చు. దాంతో గాడిద పని ఖతమ్. ఆటలో కొంచెం పైకొచ్చినవాడెవడూ దాని వైపు చూడడు. చంపితే కాస్త తోలు వస్తుంది. ఆ తోలు కోసం చంపేవాళ్లూ ఉన్నారని మావాడు చెప్పాడు.

“అందుకే అబ్బా, నేను గాడిదను మారుస్త. దోస్తులందరూ ఆడే మా లోకంల పెడుత. గాడిద కావాలె అని అందరూ అడగాలె.”

ఆటలో ఏ జంతువు ఎట్లా నడుచుకోవాలో కొన్ని ఫైళ్లలో రాసి ఉంటుందట. వాటిని దిద్ది బిహేవియర్ ప్యాక్ అని కలుపుకోవచ్చట. వాడు కాగితం మీద జాబితా రాసుకున్నాడు. ఒకటి, గాడిద వేగం పెంచాలి. రెండు, అరలు ముప్ఫై చెయ్యాలి. మూడు, కవచం వెయ్యాలి. నాలుగు, జాంబీ వస్తే కాలితో తన్నాలి.

చదివి, సబ్‌ఎడిటర్ బుద్ధి కొద్దీ అన్నాను. “ఇవన్నీ చేస్తే అది గుర్రమైతది బేటా. గాడిద ఏమైపాయె?”

వాడు కాగితం తీసుకొని చాలాసేపు ఖామోష్‌గా కూర్చున్నాడు. తర్వాత ఒప్పుకున్నాడు. ఆ ఆటలోనే పిల్లికి వేగం లేదు, బలం లేదు. కానీ పిల్లి ఉంటే క్రీపర్ దగ్గరికి రాదు. క్రీపర్ అంటే చప్పుడు చెయ్యకుండా వెనక నుంచి వచ్చి పేలిపోయే ఆకుపచ్చ శైతాన్. పిల్లిని పులిని చెయ్యలేదు ఆట తయారుచేసినవాళ్లు. పిల్లి పని పిల్లికిచ్చారు. “మరి గాడిదకు గాడిద పని ఏంది అబ్బా? నిజం గాడిదకు ఏమొస్తది?” అన్నాడు.

నిజం గాడిదకు ఏమొస్తుందో నాకు తెలుసు. నల్లగొండ నుంచి పాలమూరు దాకా, ఆ దారుల్లో నాకు తెలిసినంత నా ఈడు జర్నలిస్టుల్లో తక్కువమందికే తెలుసేమో. కానీ ఆ రాత్రి “మోస్తది, ఇంకేమొస్తది” అని చెప్పి పండుకున్నాను.

నిద్ర పట్టలేదు.

మా దాదా మర్హూమ్ గాజులమ్మేవారు. దేవరకొండకు పడమటి వైపు మా ఊరు. అక్కడి నుంచి డిండి, కల్వకుర్తి, అచ్చంపేట వైపు ఊళ్లలో సంతలు, పండుగలు, పెండ్లిళ్లు. జాన్‌పహాడ్ ఉర్సుకైతే అటు కృష్ణ దిక్కు వారం ముందే బయలుదేరేవారు. గాజులు, సుర్మా, దువ్వెనలు, రిబ్బన్లు, జడ పిన్నులు. ఇవన్నీ మోసింది మోతీ. మోతీ ఆడ గాడిద. బూడిద రంగు. వీపు మీద నిలువునా ఒక నల్ల గీత, భుజాల మీద అడ్డంగా ఇంకో గీత.

గాజుల వ్యాపారం గుర్రంతో అయ్యే పని కాదు. గుర్రం ఎగిరితే ఒక డజనూ మిగలదు. గాడిద అడుగు చూసి వేస్తుంది. రాయి మీద కాలు పెట్టే ముందు ఆగుతుంది. ఆ ఆగడాన్నే మనం మొండితనం అంటాం. దాదా అనేవారు, దానికి అఖల్ ఉంది కాబట్టే ఆగుతుంది అని. వీపు మీద గడ్డి కూరిన గోనె మెత్త వేసి, దాని మీద ఖుర్జీ వేసేవారు. రెండు వైపులా సంచులు ఉండే ఖుర్జీ. అటు గాజులు ఎన్ని కట్టలో ఇటూ అన్నే. ఒక వైపు అమ్ముడుపోతే రెండో వైపు నుంచి తీసి సర్దేవారు. బరువు ఒక పక్కకు వాలితే జంతువు వీపు పుండవుతుంది, బేజుబాన్‌కు తక్లీఫ్ ఇచ్చి తెచ్చిన రోజీలో బర్కత్ ఉండదు అని ఆయన మాట.

ఊళ్లో చాకలోళ్లకు గాడిదలుండేవి. వడ్డెరోళ్లకు రాయీ మట్టీ మోసే గాడిదలుండేవి. గొర్లమందలు మేపుకొంటూ దేశం పోయే గొల్లకుర్మల వెంట వంటసామాను మోసే గాడిద ఒకటి ఉండేది. తురకోళ్లలో గాడిద ఉన్న ఇల్లు మాదొక్కటే. అందుకే దాదా పేరు ఎవరికీ పట్టలేదు. ఆయన గాడిద సాయిబు. మా అబ్బా గాడిద సాయిబు కొడుకు. నేను గాడిద సాయిబు మనవడు.

ఉర్దూ మీడియం బడిలో సబఖ్ రాకపోతే ఉస్తాద్ అందరినీ గధా అనేవారు. నన్ను అన్నప్పుడు మాత్రం క్లాసు మొత్తం నవ్వేది. అదే బడిలో కిషన్ చందర్ రాసిన ‘ఏక్ గధే కీ సర్‌గుజశ్త్’ నా చేతికి దొరికింది. చదువుకున్న గాడిద ఒకటి ఢిల్లీ పోయి దఫ్తర్ల చుట్టూ తిరిగే కథ. దాన్ని నేను పుస్తకాల సంచిలో అడుగున దాచుకొని చదివాను. ఆ పేరున్న పుస్తకం నా చేతిలో ఎవరన్నా చూస్తే మళ్లీ మొదలుపెడతారని భయం. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. సాయిబుల పిల్లగాడు తెలుగు సాహిత్యమా అని అక్కడో ఆశ్చర్యం. ఆ తెలుగులోనూ గాడిద నన్ను వదల్లేదు. అడ్డగాడిద, గాడిద గుడ్డు, గాడిద చాకిరీ, వసుదేవుడంతటోడు గాడిద కాళ్లు పట్టుకున్న సామెత. ఉర్దూలో తిట్టినా తెలుగులో తిట్టినా బరువు మోసేదే బేకార్.

ఈ బరువు సంగతి మా జిల్లాలకు బాగా తెలుసు. పాలమూరు లేబర్ అనే మాట దేశమంతా ఎందుకు పుట్టింది? కరువుకు ఇల్లూ వాకిలీ వదిలి, ఎక్కడ డ్యాం కడితే అక్కడికి పోయి మట్టి మోసిన మనుషులు వాళ్లు. డ్యాముల పేర్లు అందరికీ యాదున్నాయి. మోసినవాళ్ల పేర్లు ఎవరికి యాదున్నాయి?

నాకు పదేళ్లప్పుడు అబ్బా సెకండ్ హ్యాండ్ లూనా కొన్నారు. దాదాకు అప్పటికే చూపు మందగించింది. ఊళ్లోనే రెండు గాజుల షాపులు వచ్చాయి. మోతీకి పని లేకుండా పోయింది. పని లేని జంతువుకు తవుడు ఎక్కడి నుంచి తేవాలి? ఇంట్లో గుర్బత్. ఒక రోజు దాదా జుమ్మా నమాజుకు పోయిన టైం చూసి, అబ్బా లూనా తీశారు. నేను వెనక కూర్చొని మోతీ రస్సీ పట్టుకున్నాను. మెల్లగా, మెల్లగా, డిండి దాటించి ఒక తుమ్మల తోపులో వదిలి తిరిగొచ్చాం. దారి పొడుగునా అబ్బా ఒక్క మాట మాట్లాడలేదు.

తెల్లారి ఫజర్ అజాన్‌కు మా అమ్మీ తలుపు తీస్తే వాకిట్లో మోతీ ఉంది. దాదా లేచి వచ్చి దాని మెడ మీద చెయ్యి వేసి, “కహాఁ గయీ థీ?” అని అడిగారు. ఎక్కడికి పోయినవ్ అని. మాకు తల ఎత్తే హిమ్మత్ లేదు. తర్వాత ఒక రోజు లారీ వచ్చింది. ఎవరో ఊరూరూ తిరిగి గాడిదల్ని కొంటున్నారు. ఎక్కడికి తీసుకపోతారో అబ్బా అడగలేదు. ఎంతకు అమ్మారో నాకు చెప్పలేదు. లారీ ఎక్కించేటప్పుడు మోతీ పలక దగ్గర ఆగింది, అడుగు చూసుకోవడానికి. ఎవడో వెనక నుంచి కొట్టాడు.

నా గునాహ్ అమ్మడం కాదు. అమ్మింది అబ్బా, అదీ మజ్‌బూరీ. నా గునాహ్ ఏమిటంటే, లారీ కదిలినప్పుడు నాకు ఖుషీ అయ్యింది. ఇంక బడిలో ఎవరూ నన్ను ఆ పేరు పెట్టి పిలవరు అనుకున్నాను.

దాదా ఆ తర్వాత కొన్ని నెలలే ఉన్నారు. అసర్ తర్వాత అరుగు మీద కూర్చొని డిండి రోడ్డు వైపు చూసేవారు. మొదటిసారి అది తిరిగొచ్చింది కదా, మళ్లీ వస్తుందనుకున్నారు.

తర్వాత నా నికా మాటలప్పుడు ఆడపిల్లవాళ్లు ఖాందాన్ పేషా అడిగితే, అబ్బా “తిజారత్” అన్నారు. అబద్ధం కాదు. కానీ ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. నా పిల్లలకు కూడా నేను అదే చెప్పాను. మీ దాదాకు అబ్బా గొప్ప తాజిర్ అని.

రెండు రోజుల తర్వాత చిన్నోడికి అంతా చెప్పేశాను. లూనా, తుమ్మల తోపు, లారీ, నా ఖుషీ. చెప్తున్నప్పుడు వాడు జాలి పడతాడనుకున్నాను. పిల్లలు వేరే రకం. వాడి కళ్లు మెరిశాయి. “రాత్రి అంత దూరం నుంచి ఒక్కతే ఇంటికొచ్చిందా? దారి ఎట్ల తెలుసు?”

“గాడిద ఒక్కసారి నడిచిన దారి మర్చిపోదు బేటా. మీ పర్‌దాదా సంత నుంచి వస్తుంటే చీకటి పడేది. టార్చి లేదు, ఏం లేదు. దారి తెలవకుంటే రస్సీ వదిలేసి దాని వెనక నడిచేటోడు. తిన్నగా ఇంటి ముందట ఆగేది.”

“బస్ అబ్బా” అని లేచాడు. జాబితా కాగితం చింపేశాడు.

ఆటలో కంపాస్ ఉంది. కానీ అది మామూలుగా లోకంలో మనం మొదట కళ్లు తెరిచిన చోటునే చూపిస్తుంది, కట్టుకున్న ఇంటిని కాదు. దూరం పోయి ఇల్లు ఎటో మర్చిపోయి, పొద్దు గూకి, సామానంతా పోగొట్టుకున్న పిల్లలు ఎందరో. కొత్తగా ఆడేవాళ్లకు ఇదే పెద్ద బాధ. షల్కర్ బాక్స్ సామాను మోస్తుంది, ఇల్లు చూపించదు. గుర్రం ఉరుకుతుంది, ఇల్లు చూపించదు. ఆ పని ఇంకా ఏ జంతువుకూ ఇవ్వలేదు. ఇల్లు గుర్తుపెట్టుకునే జీవాలు మాత్రం ఆటలో ముందే ఉన్నాయి. తాబేలు తాను పుట్టిన ఒడ్డుకే పోయి గుడ్లు పెడుతుంది. తేనెటీగ తన తుట్టెకు తిరిగి వస్తుంది. తేనెటీగకు ఇచ్చిన తెలివి గాడిదకు ఇస్తే చాలు అన్నాడు వాడు.

మరి గాడిదకు ఇల్లు ఏది? దీని మీద వాళ్ల దోస్తుల మధ్య బహస్ నడిచింది. మచ్చికైన చోటా, యజమాని పండుకునే చోటా? నన్నడిగితే దాదా మాట చెప్పాను. ఎక్కడ నీ చేతి నుంచి మొదటి పిడికెడు తవుడు తిన్నదో అదే దాని ఇల్లు. ఆటలో తవుడు లేదు, గడ్డిమోపు ఉంది. గాడిద గడ్డిమోపు తింటుంది. మచ్చికైన గాడిద మన చేతి గడ్డిమోపు మొదట ఎక్కడ తింటే అదే ఇల్లు అని ఖరారు చేశారు.

వారం రోజులు వాడు వాళ్ల మామూ ఇచ్చిన పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఒక రాత్రి ఏడుపు మొహంతో వచ్చాడు. ఫైలు ఎక్కడం లేదు, తప్పు ఎక్కడుందో తెలవడం లేదు. ఆ రాతలు నాకేం అర్థమవుతాయి? అయినా కండ్లద్దాలు పెట్టుకొని ప్రూఫులు దిద్దినట్టు వరసగా చూసుకుంటూ పోయాను. ప్రతి వరస చివరా కామా ఉంది. ఒక్కదాని చివర లేదు. “ఇక్కడ కామా పెట్టాల్నేమో” అన్నాను. పెట్టాడు. ఎక్కింది. ఇరవై ఏళ్ల నౌకరీలో నా కామాకు అంత ఇజ్జత్ ఎప్పుడూ దొరకలేదు.

కానీ అసలు ముష్కిల్ ఆ తర్వాత వచ్చింది. గాడిదను దూరంగా వదిలి, తాను ఇంటికొచ్చి కూర్చొని ఎదురుచూశాడు. రాలేదు. మళ్లీ వెళ్లి చూస్తే వదిలిన చోటికి కొంచెం దూరంలో నిలబడి ఉంది. కారణం వాడే కనుక్కొని చెప్పాడు. ఆట లోకమంతా చంక్‌లుగా, అంటే 16 గళ్ల పలకలుగా ఉంటుంది. మనం ఉన్న చుట్టుపక్కల పలకలే నడుస్తుంటాయి. వాడి సెట్టింగ్‌లో అది నాలుగు పలకలు, అంటే మన చుట్టూ 64 గళ్ల దూరం. అది దాటితే లోకం ఆగిపోతుంది. చెట్టు పెరగదు, గాడిద నడవదు. మనం వెళ్లిపోతే అది ఉన్నచోటే నిలబడిపోతుంది, మళ్లీ మనం వచ్చేదాకా.

నేను కాసేపు ఏమీ అనలేదు. మోతీ విషయంలో ముప్ఫై ఏళ్లకు పైగా నేను పెట్టుకున్న హిసాబ్ కూడా ఇదే. లారీ మలుపు తిరగ్గానే నా లోకంలో అది ఆగిపోయింది. దాని తర్వాత అది ఎక్కడికి పోయింది, ఎన్ని రోజులు బతికింది, ఏ దారి వెతుక్కుంది అన్నది నేను ఎప్పుడూ తలుచుకోలేదు. ఆటలో గాడిద ఆగుతుంది. నిజంలో ఆగలేదు.

ఈ దేశంలో గాడిదలు ఎటు పోతున్నాయో అంకెలున్నాయి. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద మిగిలింది 1.2 లక్షలు. 2012తో పోలిస్తే 61 శాతం తగ్గాయి. ట్రాలీ ఆటోలు వచ్చాయి, జేసీబీలు వచ్చాయి, ఇంటింటికీ వాషింగ్ మెషీన్లు వచ్చాయి. అంతవరకూ నేనూ ఖుషీయే, మనుషుల నడుం కూడా కొంచెం నిలబడింది. కానీ పని పోయిన జంతువుకు మిగిలింది తోలు, మాంసం. గాడిద తోలు ఉడికించి చైనాలో ఎజియావో అనే మందు చేస్తారు. దాని కోసం ఆఫ్రికాలో ఎన్ని గాడిదలు పోయాయంటే, 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికా దేశాల సమాఖ్యే తోలు కోసం గాడిదల్ని చంపడం మీద నిషేధం పెట్టాల్సి వచ్చింది. మన పక్కన కోస్తా జిల్లాల్లో మాంసం కోసం కోస్తున్నారని వార్తలు వస్తూనే ఉన్నాయి. గాడిద తిండికి అనుమతి ఉన్న జంతువు కాదు. చట్టంలో కాదు, మన దీన్‌లోనూ కాదు.

ఖైబర్ యుద్ధం రోజు పెంపుడు గాడిద మాంసాన్ని హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం మనా చేశారు. ఎందుకు చేశారన్న దాని మీద ఇబ్నె అబ్బాస్ రజియల్లాహు అన్‌హు చెప్పిన మాట బుఖారీలో ఉంది. గాడిదలు జనం బరువులు మోసేవి కాబట్టి అవి లేకుండా పోవద్దని వద్దన్నారో, లేక పూర్తిగా హరామే చేశారో నాకు తెలియదు అంటారు ఆయన. ఉలమా దాన్ని హరామ్‌గానే తీసుకున్నారు, నాకు అందులో బహస్ లేదు. కానీ ఆ మొదటి మాట నన్ను పట్టుకుంది. మోసేవాళ్లు లేకుండా పోతారేమో అని ఒక ఫికర్. మన ఇళ్లలో గాడిద ప్రస్తావన వస్తే దాని గొంతు మీద సూరా లుఖ్మాన్‌లో ఉన్న మాటే అందరికీ యాదికొస్తుంది. సూరా నహల్‌లో గుర్రం, ఖచ్చర్ పక్కన గాడిదను కూడా చేర్చి, సవారీ ఒక్కదానికే కాక జీనత్‌కు కూడా అని చెప్పిన సంగతి ఎంతమందికి యాదుంది? గాడిద జీనత్! నేను పదేళ్లప్పుడు ఆ మాట ఎవరన్నా చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

చిన్నోడు నా అంత దూరం పోలేదు. వాడికి ముష్కిల్‌ను హల్ చెయ్యడమే పని. మర్నాడు మధ్యాహ్నం వచ్చి, “అబ్బా, తప్పు నాదే. నేను ముందు ఇంటికొచ్చి కూసున్న. పర్‌దాదా అట్ల చెయ్యలే గదా. దాని వెనక నడిచిండు” అన్నాడు. గాడిద ఒక్కతే ఇల్లు చేరనవసరం లేదు. దారి తప్పినవాడు రస్సీ వదిలేస్తే అది ముందు నడవాలి, వాడు వెనక నడవాలి. మనిషి దగ్గరే ఉంటాడు కాబట్టి లోకం ఆగదు. పని దొరికింది. వేగం పెంచలేదు, అరలు పెంచలేదు, కవచం వెయ్యలేదు. అదే గాడిద.

వాగు అడ్డొస్తే ఇప్పటికీ ఒక్కోసారి ఒడ్డున నిలబడిపోతుంది. దోస్తులు అది బగ్ అన్నారట. కాదు, అడుగు చూసుకుంటుంది అని చెప్పాడట మావాడు.

బక్రీద్‌కు ఊరికి పోయాం. ఖుర్బానీ పని, గోష్ పంచే పని అన్నీ అయ్యాక, అసర్ తర్వాత అబ్బా అరుగు మీద కూర్చున్నారు. ఒకప్పుడు దాదా కూర్చున్న చోటే. చిన్నోడు పోయి పక్కన కూర్చొని ఫోన్ చూపించాడు. నాకు గుండె ఝల్లుమంది. ఆపుదామనుకున్నాను. అబ్బాతో ఆ సంగతి ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా ఎత్తలేదు.

“యే దేఖో దాదా, యే మోతీ హై” అన్నాడు వాడు. గాడిద తల మీద పేరు కూడా కనిపిస్తోంది. నేమ్ ట్యాగ్ అని ఒకటి ఉంటుందట, దాంతో పెట్టాడు.

అబ్బా కండ్లద్దాలు సరిచేసుకొని చూశారు. ఆటలో చీకటి. మావాడి బొమ్మ ఏదో అడవిలో దారి తప్పి ఉంది. వాడు గాడిద మీద నుంచి దిగాడు, కానీ ఏదో మర్చిపోయి దాన్ని పట్టుకొని అటూ ఇటూ లాగుతున్నాడు. గాడిద కదలడం లేదు.

అబ్బా చాలాసేపు చూశారు. తర్వాత మెల్లగా అన్నారు. “రస్సీ ఛోడ్ దే బేటా. ఉసకు మాలూమ్ హై.”

వదిలేశాడు. మోతీ చెట్ల మధ్య నుంచి నడిచింది. తాతా మనవడూ ఇద్దరూ దాని వెనక పోతున్నట్టు ఫోన్ మీదికి వంగారు. దూరంగా ఇంటి దీపాలు కనిపించినప్పుడు అబ్బా రుమాలు తీసి కండ్లద్దాలు తుడుచుకున్నారు. నా వైపు చూడలేదు. “ఆ లారీ నంబరన్నా నేను రాసుకోలే” అన్నారు. అంతే. మగ్రిబ్ అజాన్ అయ్యింది, లేచి వజూ చేసుకోవడానికి పోయారు.

మొన్న మా అన్న బిడ్డకు రిష్తా వచ్చింది. బయోడేటా రాసే పని ఎప్పటిలాగే నా మీద పడింది, ఇంట్లో తెలుగు రాసేవాణ్ణి నేనే కాబట్టి. ఖాందాన్ అన్న చోట చెయ్యి అలవాటు కొద్దీ తిజారత్ అని రాసింది. కొట్టేసి, కింద ఇట్లా రాశాను. ముత్తాత గాడిద మీద ఊరూరూ తిరిగి గాజులమ్మేవారు, గాడిద పేరు మోతీ.

మా వదిన చదివి, “గాడిద పేరు కూడా కావాల్నా?” అని అడిగింది.

కావాలన్నాను.